గాలి తిరగకముందే

కాకినాడ నుంచి బీచి రోడ్డు మీద ఉత్తరంగా వస్తే కుడిచేతి పక్కన సముద్రం, దాని కోతకు అడ్డంగా పోసిన రాళ్ళ గుట్టలు. ఉప్పాడ దగ్గర ఎడమకు తిరిగి కొత్తపల్లి దారి పట్టారు మీరు. కాస్త లోపలికి వచ్చేసరికి చేపల వాసన వెనకబడి పచ్చి మామిడి వాసన ఎదురొచ్చింది. మార్చి నెలాఖరు. టైము తొమ్మిదిన్నర. పడమటి గాలి పొడిగా వీస్తోంది. వీపు మీద చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతోంది.

తోటలో పాక ముందు, నీడపట్టున, ఇసుక మీద కుండ. కుండ మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. ఈ ఏడాదికి తోట గుత్తకు తీసుకున్న పెద్దాయన గ్లాసు తొలిచి నీళ్ళు ముంచి ఇస్తాడు. "ముందు ఇవి తాగండి. ఎండనపడి వచ్చారు." నీళ్ళు గొంతులో చల్లగా దిగుతాయి. కుండ పొట్ట మీద చెయ్యి వేసి చూస్తారు. తడిగా, చల్లగా ఉంది.

"రండి, రెండు చెట్లు చూపిస్తా."

రెండూ కొత్తపల్లి కొబ్బరి చెట్లే. ఊరి పేరే పండుకూ వచ్చింది. పచ్చి కాయకు ఆవకాయ పెట్టే ఇళ్ళలో ఎంత గిరాకీనో పెద్దాయన నడుస్తూనే చెబుతున్నాడు. ఒకటి బోరుకు దగ్గర్లో ఉంది, రెండోది అదే వరసలో కొసన. ఒకే వయసు, ఒకే ఎత్తు. రెంటికీ నిమ్మకాయంత కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఆకు రంగులో తేడా ఏమైనా దొరుకుతుందేమోనని మీరు కళ్ళు చికిలించి చూస్తారు. ఏమీ దొరకదు.

"కొసదానికి నీళ్ళు చాలట్లేదండి," అంటాడాయన.

"ఎలా తెలిసింది?"

చెట్టు కింద చూపిస్తాడు. గోలీకాయంత పిందెలు ఎండి రాలి ఉన్నాయి. "ఇదిగో, ఇలా తెలిసింది. తెలిసేసరికి రాలిపోయింది కదండీ! మామిడాకు మొండిదండీ. వంగ మొక్కయితే మిట్టమధ్యాహ్నానికి తల వేలాడేసి 'నీళ్ళో' అంటుంది. ఇది అనదు. చెప్పకుండా పిందె వదిలేస్తుంది."

ఆయన చెప్పిన ఆ జాగాలోకే వచ్చింది ఇవాళ్టి కెమెరా, చెట్టుకు దాహం వేసిన రోజుకూ మనకు తెలిసే రోజుకూ మధ్యలోకి. పెద్దాయన మనవడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి సెల్‌ఫోను అడుగున అగ్గిపెట్టెంత ముక్క ఒకటి తగిలించి ఉంది. థర్మల్ కెమెరా అది. మన కంటికి కనబడే వెలుగుతో దానికి పని లేదు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి వెదజల్లే పరారుణ కిరణాలను పట్టి రంగులుగా చూపిస్తుంది. చల్లనివి నీలం, వేడివి పసుపు, ఇంకా వేడివి ఎరుపు. ఫోను మీ చేతికిస్తాడు. పాక వైపు తిప్పుతారు. తాటాకు కప్పు ఎర్రగా మండుతోంది. నీడలో కుండ మాత్రం ముదురు నీలం మచ్చ.

"ఆ కుండ ఎందుకు చల్లగా ఉందో చెట్టు కూడా అందుకే చల్లగా ఉంటుందండి," అంటాడు మనవడు.

కుండ గోడలోంచి నీరు ఊరి బయటికొచ్చి ఆవిరవుతుంది. ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి 70 కిలో క్యాలరీలు చాలు. అదే లీటరు మరగకుండా, ఉన్నచోటే ఆవిరైపోవాలంటే సుమారు 580 కావాలి. అంత వేడినీ చుట్టూ ఉన్నదాన్నుంచే లాక్కుంటుంది. ఆకు చేసేదీ ఇదే పని. దాని అడుగున కంటికి ఆనని సన్నటి పత్రరంధ్రాలున్నాయి. వేళ్ళకు నీరు అందినంతకాలం అవి తెరుచుకుంటాయి, ఆకు చెమట పడుతుంది, ఎండలో కూడా ఒళ్ళు చల్లగా ఉంచుకుంటుంది. నీరు తగ్గిందా, ఉన్నది కాపాడుకోవడానికి చెట్టు ఆ తలుపులు దగ్గరకు వేస్తుంది. చెమట ఆగుతుంది, ఆకు కాగుతుంది. ఆకు వాడటానికి ఎంతో ముందే జరిగిపోయే సంగతి ఇది. కెమెరాకు దాహం కనబడదు, చెమట ఆగడం కనబడుతుంది.

బోరు దగ్గరి చెట్టుకు గురిపెడతారు. తెర మీద ఆకుల సగటు 32.5 డిగ్రీలు. కొసచెట్టుకు అదే ఎడం నుంచి, అదే ఎండ వైపు నుంచి గురిపెడతారు. 36. గాలి 34 ఉంది. అంటే ఒక చెట్టు గాలి కంటే చల్లగా, ఇంకోటి గాలి కంటే వేడిగా నిలబడి ఉన్నాయి. వట్టి కంటికి రెండూ ఒకేలా ఉన్న చెట్లు!

"మూడున్నర డిగ్రీల తేడా. అయితే మాత్రం? ఎక్కువో తక్కువో ఎలా చెబుతావురా?" పెద్దాయన ప్రశ్న సూటిగా ఉంది. 

మనవడు సంచీలోంచి రెండు వస్తువులు తీస్తాడు. నీళ్ళ పిచికారీ సీసా ఒకటి, వాజలీన్ డబ్బీ ఒకటి. ఒక కొమ్మ మీద ఆకును రెండు వైపులా నీళ్ళతో తడుపుతాడు. మామిడాకు మైనపు నునుపు మీద నీళ్ళు నిలవవు కాబట్టి సీసాలో చుక్క సబ్బు కలిపి తెచ్చాడు. పక్క ఆకుకు వాజలీన్ దట్టంగా పులుముతాడు.

"ఒరే, అడుగుపక్కే రాస్తున్నావేం?"

"మామిడికి రంధ్రాలన్నీ అడుగునే ఉంటాయి తాతయ్యా. అది మూస్తే చాలు."

తడి ఆకు అంటే చెమట పూర్తిగా పడుతున్న ఆకు. వాజలీన్ ఆకు అంటే చెమట పూర్తిగా ఆగిపోయిన ఆకు. ఈ రోజు, ఈ గంట, ఈ ఎండలో ఒక ఆకు ఎంత చల్లగా ఉండగలదో, ఎంత వేడెక్కగలదో ఈ రెండూ చెబుతాయి. తడిది 28 చూపిస్తోంది, వాజలీన్‌ది 39. మధ్య ఎడం 11 డిగ్రీలు. ఆ పదకొండునూ ఒక రూపాయి అనుకోండి. బోరు దగ్గరి చెట్టు 28 మీద నాలుగున్నర ఎక్కింది: రూపాయిలో 41 పైసల దాహం. కొసచెట్టు ఎనిమిది ఎక్కింది: 73 పైసలు. 

ఈ పైసల లెక్కకు శాస్త్రంలో పంట నీటి ఒత్తిడి సూచిక అని పేరు. సున్నా అయితే చెట్టుకు ఏ లోటూ లేదు, ఒకటి అయితే చెమట పూర్తిగా ఆగింది. 1981లో అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ నగరంలోని నీటి పరిరక్షణ ప్రయోగశాలలో షెర్‌వుడ్ ఇడ్సో, రే జాక్సన్, వారి సహచరులు దీన్ని నిలబెట్టారు. పత్తి, గోధుమ లాంటి చదునైన పైర్ల మీద, ఎడారి పొడిగాలిలో. తడి ఆకునూ వాజలీన్ ఆకునూ కొలబద్దలుగా వాడే పద్ధతిని స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన హామ్లిన్ జోన్స్ 1990ల చివర్లో ప్రచారంలోకి తెచ్చారు. ఎడారిలో పుట్టిన లెక్కను పట్టుకుని మీరిప్పుడు సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న మామిడి కింద నిలబడ్డారు. అది ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో కాసేపట్లో తేలుతుంది.

ముందు బొమ్మ పని. పాకలోకి వచ్చి నులకమంచం మీద కూర్చుంటారు. ఒళ్ళో లాప్‌టాప్. తీసిన బొమ్మలో చెట్టు ఒక్కటే లేదు. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనబడుతోంది. కెమెరాకు ఆకాశం మంచులా చల్లన. కొమ్మల మధ్య ఇసుక నేల కనబడుతోంది. అది 50 దాటి కాగుతోంది. కాయలు ఆకులంత చెమట పట్టవు, వాటి లెక్క వేరు. ఇవన్నీ కలిపి సగటు తీస్తే వచ్చేది చెట్టు జ్వరం కాదు, ఇసుక జ్వరం. అందుకే మామూలు ఫొటో, వేడి ఫొటో ఒకదాని మీద ఒకటి పరిచి, పచ్చగా ఉన్న చుక్కలనే ఏరి, మిగతావి తీసేస్తారు. బియ్యంలో రాళ్ళేరినట్టే. చేత్తో ఏరితే గంట పట్టే పని కంప్యూటరు రెప్పపాటులో చేసేస్తుంది.

చేస్తుంది గాని, తప్పూ చేస్తుంది. మనవడు ఇంకో బొమ్మ తెరిచి నవ్వుతాడు. ఒక చెట్టు సగం మాయమైపోయింది. కాయలు లేని కొమ్మలకు కొత్త చిగురు వచ్చింది. మామిడి చిగురు రాగి రంగులో ఉంటుంది కదా, 'పచ్చగా లేదు కాబట్టి ఆకు కాదు' అని కంప్యూటరు దాన్ని చెత్తలో వేసింది. ఇంకో పద్ధతిలో అయితే ఆ ఎరుపును చూసి జబ్బు అని రాసేది. పెద్దాయన తెరలోకి తొంగిచూసి, "చిగురును పట్టుకుని జబ్బంటే ఎలాగరా! దానికి మామిడి తోట చూపించలేదా ఎవరూ?" అంటాడు. ఆయన వేళాకోళంగా అన్నా, జరగాల్సింది అదే. ఏది చిగురో, ఏది ముదురాకో, ఏది నీడో వందల బొమ్మల మీద మనిషి గీతలు గీసి చూపిస్తే గాని యంత్రానికి మామిడి తెలియదు.

పదకొండున్నర దాటింది. ఈ ఊళ్ళో గడియారమూ సూర్యుడూ ఒకే మాట మీద ఉంటారు. మన దేశానికంతకీ టైము చెప్పే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతుంది. పన్నెండు కొట్టేసరికి నిజంగానే నడినెత్తిన ఎండ. చెట్టు దాహం బాగా బయటపడే వేళ ఇదే కదా అని మళ్ళీ బొమ్మలు తీయడానికి లేస్తారు.

అప్పుడు ఆకులు ఒక్కసారి కదిలి నిలిచిపోతాయి. గాలి పడిపోయింది. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత తోట తూర్పు అంచు నుంచి గలగల మొదలై మీ మీదుగా పోతుంది. ముఖానికి జిగురుగా తగిలింది.

"గాలి తిరిగిందండి," అంటాడు పెద్దాయన, తువ్వాలు భుజం మార్చుకుంటూ. సముద్రం గాలి దిగింది.

ఒంటికి హాయిగా ఉంటుందేమో అనుకుంటారు గాని నిమిషాల్లోనే మెడ కింద జిడ్డు మొదలవుతుంది. ఎండ తీవ్రత తగ్గినట్టే ఉంది. చెమట మాత్రం ఆరదు. ఉక్కపోత. అదే రెండు చెట్లకు మళ్ళీ గురిపెడతారు. తెర మీద రంగులు వెలిసిపోయిన చీరలా ఉన్నాయి. బోరు దగ్గరిది 31.7. కొసది 33.1. పొద్దున మూడున్నర డిగ్రీల ఎడం ఇప్పుడు ఒకటిన్నర కూడా లేదు.

"దాని దాహం తీరిందా ఏంటి?" అని మీరే అడుగుతారు.

తీరలేదు. మళ్ళీ తడిపిన ఆకు ఇప్పుడు 29.8, వాజలీన్ ఆకు 34.3. పొద్దున 11 డిగ్రీలున్న రూపాయి ఇప్పుడు నాలుగున్నరకు చిక్కిపోయింది. లెక్క కడితే బోరు దగ్గరిది 42 పైసలు, కొసది 73. దాహం దాహంలాగే ఉంది, కొలిచే గజం పొట్టిదైపోయింది. పొద్దున అర డిగ్రీ తప్పు చదివితే ఐదు పైసల లోపు తేడా వచ్చేది. ఇప్పుడు అదే అర డిగ్రీకి 11 పైసలు పోతాయి. ఇలాంటి చవక కెమెరాలు అసలు వేడికి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ చెప్పడం మామూలే. కొలబద్ద ఆకులు పక్కన లేకుండా ఉత్త బొమ్మ చూసి తీర్పు చెబితే, సముద్రం గాలి దిగిన తర్వాత తోటంతా సుభిక్షంగా కనబడుతుంది.

కారణం మీకు తెలిసిందే. కాకినాడలో ఉంటే హైదరాబాదు కూలరు ఎందుకు పనిచేయదో ప్రతి ఇంటికీ తెలుసు. గాలిలో ఇప్పటికే నీటి ఆవిరి నిండుగా ఉంటే కొత్తగా ఆవిరయ్యేందుకు చోటు ఉండదు. పొడిగాలిలో చెమట పట్టిన చెట్టుకూ పట్టని చెట్టుకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనబడుతుంది. ఉక్కలో చెమట పట్టినా పట్టకపోయినా ఒకటే. పైగా గాలి విసురు ఎండకు కాగిన ఆకు వేడిని కూడా తుడిచేస్తుంది. అరిజోనా ఎడారిలో పుట్టిన లెక్కకు కోస్తా నేర్పే పాఠం ఇదే. తేమ దేశాల్లో దీని పదును తగ్గుతుందని జోన్స్ లాంటివారు మొదట్నుంచీ హెచ్చరిస్తూనే వచ్చారు. ఇక్కడ బొమ్మ తీయడం కంటే ముందు గాలి చూడాలి.

పెద్దాయన మిమ్మల్ని తోట తూర్పు గట్టుకు తీసుకెళతాడు. "మీ మిషను దీనికేమంటుందో చూడండి." అక్కడొక చెట్టు. పాదులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెప్పు తీసి అడుగు వేస్తే బురద. బొమ్మ తీస్తే కొసచెట్టు కంటే వేడిగా వస్తుంది. కాళ్ళు నీళ్ళలో, ఒళ్ళు జ్వరంలో. మనవడు తలగోక్కుంటాడు. బొమ్మ ఒక్కదాన్నే నమ్మితే 'నీళ్ళు పెట్టు' అనే చెప్పాలి.

పెద్దాయన ఆకు ఒకటి తెంపి చూపిస్తాడు. కొస మాడి గోధుమరంగు తిరిగింది. పాదులో వేలు ముంచి నాలుకకు తగిలించుకుని ఉమ్మేస్తాడు. "ఉప్పు. ఈ పక్క పాత బోరు నీళ్ళే పెట్టేవాళ్ళంట మొన్నటిదాకా."

మామిడి ఉప్పుకు ఓర్వలేని చెట్టు. వేరు చుట్టూ నీరున్నా ఆ నీటిలో ఉప్పు పెరిగితే, ఆ ఉప్పే నీటిని వెనక్కి పట్టి ఉంచుతుంది. చెట్టు లాగలేక తలుపులు మూసుకుంటుంది. వేళ్ళు కుళ్ళినా, కాండాన్ని పురుగు తొలిచినా బొమ్మలో కనబడే ఎరుపు ఒక్కటే. కెమెరా జ్వరం చూపిస్తుంది, రోగం పేరు చెప్పదు. 

చెట్టు నీటిని లాగే ఈ లాగుడును సూటిగా కొలిచే సాధనం ఇంకోటి ఉంది. 1965లో పెర్ షోలాండర్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో వివరించారు. తెంపిన కొమ్మను ఉక్కు గదిలో బిగించి, తెగిన కొస మాత్రం బయటికి ఉంచి, లోపల వాయువు పీడనం పెంచుతూ పోతారు. కొసన నీటి బొట్టు మెరిసిన క్షణాన ఎంత పీడనం ఉందో, చెట్టు నీటి కోసం అంత బలంగా లాగుతోందన్నమాట. తడి అడవిలో ఆ లాగుడు నాలుగైదు వాతావరణ పీడనాలు, ఎడారిలో 80 దాకా. మడ చెట్లలోనైతే ఎప్పుడు చూసినా 35 నుంచి 60. కాకినాడకు దక్షిణాన కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచినవాళ్ళు ఈ మాట నమ్మడానికి జంకుతారు. నడుములోతు నీళ్ళలో నిలబడ్డ చెట్లకు ఎడారి చెట్లకుండేంత గుంజులాట! మడకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఈ గట్టు మీది మామిడికి రాదు. కెమెరా లెక్క నిజమో కాదో తేల్చుకోవాలంటే పరిశోధకులు ఇప్పటికీ షోలాండర్ గదినే సాక్షిగా పిలుస్తారు.

పాకకు తిరిగి వస్తూ మనవడు పైకి చూపిస్తాడు. అక్కడినుంచీ బొమ్మలు తీస్తున్నారు. 2013లో ఎగిరిన లాండ్‌శాట్-8 పొద్దున పది గంటల ప్రాంతంలో పైనుంచి పోతుంది. ఈ తీరానికి కలిసొచ్చిన వేళ, గాలి ఇంకా తిరగదు. కానీ వేడిని చూసే దాని కంటికి ఒక చుక్క అంటే వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు. పది మీటర్లకొక చెట్టున్న తోటలో వంద చెట్లు కలిసి ఒక్క చుక్క. బోరు దగ్గరిదీ, కొసదీ, గట్టు మీదిదీ అన్నీ అందులో కలిసిపోతాయి. ఇస్రో, ఫ్రాన్సు అంతరిక్ష సంస్థ క్నెస్ కలిసి తయారుచేస్తున్న ఉపగ్రహం ఆ చుక్కను సుమారు 60 మీటర్లకు దించుతుంది. అప్పటికీ చుక్కకు ముప్ఫై ఆరు చెట్లు. దాని పేరు తృష్ణ. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చి పెట్టినా, మన చెవికి దాహమనే వినబడుతుంది. మండలంలో ఏ మూల ఎండుతోందో అది చెప్పగలదు. ఏ పాదుకు నీళ్ళు మళ్ళించాలో చెప్పాలంటే డ్రోను గాని, ఈ అగ్గిపెట్టె గాని చెట్టు దాకా రావాలి.

పెద్దాయనకు కావలసింది ఆ చివరి మాటే. వేసవిలో కాలువలు కట్టేస్తే ఈ వైపంతా బోర్లే దిక్కు. మోటారుకు కరెంటు ఉండేది కొన్ని గంటలే. అన్ని చెట్లకూ సమానంగా పారిస్తే కొసకు ఎప్పుడూ చాలదు. "ఏ చెట్టు ఆగగలదో, ఏది ఆగలేదో చెబితే చాలండి నాకు. డిగ్రీలు వాడు ఉంచుకోమనండి."

ఇంకో మాట కూడా అంటాడు. "ఇదే ఎరుపు నవంబరులో కనబడితే నేను నీళ్ళు పెట్టను." పూత ముందు రెండు మూడు నెలలు మామిడికి నీళ్ళు ఆపాలి. దాహం వెయ్యనిస్తేనే చెట్టు ఆకు వెయ్యడం మాని పూత మీదికి వస్తుంది. కోతకు ముందు కూడా నీళ్ళు ఆపేస్తారు, కాయ తీపెక్కడానికి. అంటే 73 పైసలు అన్న అంకె కాయ ఊరే మార్చిలో ఆపద, కార్తీకంలో శుభవార్త. బొమ్మ మీద తారీఖు కూడా చదవాలి. ఉత్తర థాయ్‌లాండ్ మామిడి తోటల్లో జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయంవారు ఒకసారి వేళ్ళ ఈ పక్కకు, ఇంకోసారి ఆ పక్కకు నీళ్ళు మార్చి పెట్టి, చెట్టును సగం దాహంలో ఉంచుతూ తక్కువ నీటితో కాపు తీయడాన్ని పరీక్షించారు. ఎంత దాహం దాకా మేలు, ఎక్కడినుంచి చేటు అన్న గీత దొరికితే నీళ్ళు మిగులుతాయి. 

ఒంటిగంట. పెద్దాయన మోటారు వేసి, బోరు దగ్గరి వరసకు పోయే వాల్వు కట్టేసి, కొసవైపుది తిప్పుతాడు. గొట్టం గుర్రుమని గాలి కక్కి, తర్వాత నీళ్ళు కక్కుతుంది. తూర్పు గట్టు చెట్టుకు మాత్రం వాల్వు ముట్టుకోడు. దానికి ముందు పాదుకు గండి కొట్టి ఉప్పు నీళ్ళు బయటికి పంపాలి.

మీరు బయల్దేరబోతూ కుండ దగ్గర ఆగి ఇంకో గ్లాసు ముంచుకుంటారు. పొద్దుటి చల్లదనం లేదు. కుండ అదే, ఇసుక అదే, నీడ అదే.

"ఉక్కలో కుండనీళ్ళు ఇంతేనండి," అంటాడు పెద్దాయన. మళ్ళీ మనవడి వైపు తిరిగి, "ఆ మిగతా వరసలు కూడా చూడాలన్నావుగా. రేపు పెందలాడే రా. గాలి తిరగకముందే."